తెలుగు–బ్లాక్ అమెరికన్ కుటుంబం: ఇద్దరు పిల్లలతో ఏ ఊరికి మారాలి?

ఖమ్మం_కెంటకీ

అందరికీ నమస్తే. నాది ఖమ్మం, మా ఆవిడ బ్లాక్ అమెరికన్. పాపకి 8, బాబుకి 4. నా పని ఇంటి నుంచే, నెలకోసారి విమానం ఎక్కితే చాలు. ఆమె రిజిస్టర్డ్ నర్సు. ఇంటికి 6 లక్షల డాలర్ల దాకా పెట్టగలం, డౌన్ పేమెంట్ 20 శాతం చేతిలో ఉంది. వచ్చే వేసవిలో మారదామని. అమ్మానాన్న ఏడాదికి నాలుగైదు నెలలు వచ్చి ఉంటరు, వాళ్లకి డ్రైవింగ్ రాదు.

మా లిస్టు: మేరీలాండ్‌లో కొలంబియా, న్యూజెర్సీలో మేపుల్‌వుడ్, చికాగో పక్కన ఓక్ పార్క్, క్లీవ్‌లాండ్ పక్కన షేకర్ హైట్స్. చుట్టాలందరూ టెక్సాస్‌లోని ఫ్రిస్కో అంటున్నరు. "ఆ ఊరు సూపర్" అని కాకుండా, ఏం చూసి తేల్చుకోవాలో చెప్పండి ప్లీజ్.

ఫ్రిస్కో_బాబాయ్

తమ్ముడూ, చుట్టాలు చెప్పింది వినేయ్. స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు, ఇళ్లు కొత్తవి, కార్యసిద్ధి హనుమాన్ గుడి ఊళ్లోనే. గోంగూర నుంచి పూతరేకుల దాకా అన్నీ దొరుకుతాయి. మీ అమ్మానాన్నకి సాయంత్రం పార్కులో తెలుగు మాట్లాడేవాళ్లు పది మంది ఉంటారు. ఇంతకన్నా ఏం కావాలి?

లెక్కల_మాస్టారు

బాబాయ్ చెప్పింది అబద్ధం కాదు గానీ అది సగం కుటుంబానికే జవాబు. 2020 సెన్సస్ ప్రకారం ఫ్రిస్కోలో ఆసియన్లు నాలుగో వంతుకు పైనే, బ్లాక్ జనాభా పదో వంతు లోపు. కొలంబియాలో బ్లాక్ సుమారు నాలుగో వంతు, ఆసియన్లు ఎనిమిదో వంతు దగ్గర. షేకర్ హైట్స్‌లో బ్లాక్ మూడో వంతు దాకా ఉంటారు కానీ ఆసియన్లు బాగా తక్కువ. ఓక్ పార్క్, మేపుల్‌వుడ్ కూడా అదే కోవ, ఆసియన్లు పలచగా ఉంటారు. అంటే మీ లిస్టులో రెండు వైపులా చెప్పుకోదగ్గ సంఖ్య ఉన్నది కొలంబియా ఒక్కటే.

అయితే ఊరి మొత్తం శాతం చూసి మోసపోవద్దు. సెన్సస్ సైట్‌లో ఇలా చూడండి:

ముందు 2020 సెన్సస్‌లో పి1 టేబుల్ (జాతుల లెక్క) తీయండి. అందులో "రెండు లేదా ఎక్కువ జాతులు" అన్న మొత్తం అంకె దగ్గరే ఆగిపోకండి, దాని కింద ఏ రెండు జాతులు కలిశాయో విడివిడిగా ఉంటుంది. "బ్లాక్, ఆసియన్" అనే వరుస మీ పిల్లలది. దేశం మొత్తమ్మీద బహుళజాతి జనాభా 2010లో 90 లక్షలు ఉంటే 2020లో 3 కోట్ల 38 లక్షలైంది. ఇదంతా నిజంగా పెరిగింది కాదు. ప్రశ్న వేసే తీరు, జవాబులను కోడ్ చేసే పద్ధతి మారాయి. "వైట్, ఇంకేదో జాతి" అనే కలయిక ఒక్కసారిగా ఉబ్బింది. అందుకే ఏ ఊరికైనా ఆ పెద్ద అంకె చూసి సంబరపడితే లాభం లేదు.

తర్వాత ట్రాక్ట్ స్థాయికి దిగండి. ట్రాక్ట్ అంటే సుమారు నాలుగు వేల జనం ఉండే ముక్క. ఊరంతా కలిపి బ్లాక్ 30 శాతం అనుకుందాం. ఐదు ట్రాక్టుల్లో రెండు 65 దగ్గర, మూడు 7 దగ్గర ఉంటే అది కలిసి బతికే ఊరు కాదు, ఒకే పిన్‌కోడ్ పంచుకుంటున్న రెండు ఊళ్లు. ఇంకా కిందికి, వీధి బ్లాక్ స్థాయికి మాత్రం వెళ్లకండి. 2020 లెక్కల్లో వ్యక్తుల గోప్యత కోసం చిన్న బ్లాకుల అంకెల్లో కావాలనే కొంచెం గందరగోళం కలిపారు. అక్కడ కనిపించే "ఇద్దరు బ్లాక్–ఆసియన్ పిల్లలు" నిజంగా ఉండకపోవచ్చు.

సెన్సస్ తర్వాతి ఏళ్ల అంకెలు కావాలంటే అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఐదేళ్ల అంచనాలు ఉన్నాయి. వాటి పక్కనే ఉండే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ తప్పక చూడండి. ట్రాక్ట్‌లో 40 మంది, ప్లస్ ఆర్ మైనస్ 52 అని ఉంటే ఆ అంకెతో పని లేదు.

సిరి_మిడ్‌వెస్ట్

మాస్టారు అంకెలు చెప్పారు, అంకెల్లోకి రానిది నేను చెప్తా. మనోళ్లు ఎక్కువ ఉన్న ఊరు అంటే మీ ఆవిడని కలుపుకునే ఊరు అని కాదండి. మన ఫంక్షన్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. "పాప రంగు పర్లేదే, నాన్న పోలికా?" అని పిల్ల ముందే అనేస్తారు. కమ్యూనిటీ వాట్సాప్‌లో స్కూల్ బౌండరీ మారుతుందనగానే "ఆ అపార్ట్‌మెంట్ల పిల్లలు" మొదలవుతారు. ఆ మాట ఎవరిని ఉద్దేశించి అంటున్నారో మీ పాపకి పన్నెండేళ్లు వచ్చేసరికి అర్థమవుతుంది.

కాబట్టి తెలుగు సంఘాన్నీ పరీక్ష పెట్టండి. ఉగాది ప్రోగ్రాం యాంకరింగ్‌లో మధ్యమధ్య ఇంగ్లిష్ ఉందా? తెలుగు నేర్పే మనబడి కేంద్రానికి ఫోన్ చేసి "ఇంట్లో ఒక్కరే తెలుగు మాట్లాడతారు, ఎనిమిదేళ్ల పిల్లని ఏ తరగతిలో వేస్తారు" అని అడగండి. సూటిగా జవాబిచ్చి, అలాంటి పిల్లలు ఇప్పటికే ఉన్నారని చెప్తే మంచి గుర్తు. "అమ్మ కూడా నేర్చుకుంటే బాగుంటుంది కదండీ" అని మొదలెడితే ఇంకో కేంద్రం చూసుకోండి.

మోడరేటర్

"వాళ్ల ఏరియా" అంటూ వచ్చిన ఒక పోస్టు తీసేశాం. ఇంకోసారి పెడితే ఖాతా కూడా తీసేస్తాం. చర్చ కొనసాగించండి.

పటాప్స్‌కో_గట్టు

కొలంబియా గురించి వివరంగా రాస్తాను. ఈ ఊరు దానంతటది పెరిగింది కాదు. జేమ్స్ రౌస్ అనే డెవలపర్ బాల్టిమోర్, వాషింగ్టన్‌ల మధ్య పొలాలు కొని, మొదటి రోజు నుంచీ అన్ని జాతులవాళ్లకూ అమ్ముతామని ప్రకటించి కట్టాడు. వైల్డ్ లేక్‌లో ప్రారంభోత్సవం 1967 జూన్ 21న. జాతులు వేరైన వాళ్లు పెళ్లి చేసుకోకూడదన్న చట్టాలను సుప్రీంకోర్టు లవింగ్ కేసులో కొట్టేసింది అదే నెల 12న. అప్పటికి ఇంకా 16 రాష్ట్రాల్లో ఆ చట్టాలున్నాయి. కొద్దికాలం ముందు దాకా పెళ్లే నేరంగా ఉన్న ఇలాంటి జంటలు మొదట్లోనే ఇక్కడికి వచ్చారు.

ఊరు పది విలేజీలు. ఒక్కో విలేజీకి నడిమధ్య కిరాణా, చిన్న షాపులు. ఉత్తరాల పెట్టెలు ఇంటింటికీ కాకుండా గుంపుగా పెట్టారు, ఇరుగుపొరుగు ఎదురుపడాలని. 90 మైళ్లకు పైగా నడక దారులు, చాలా చోట్ల రోడ్డు దాటకుండా అండర్‌పాస్‌లు. డ్రైవింగ్ రాని పెద్దవాళ్లకి ఇది నిజంగా పనికొస్తుంది, కాకపోతే విలేజ్ సెంటర్‌కి అర మైలు లోపు ఇల్లు చూసుకోవాలి. లాన్‌హమ్ శివవిష్ణు ఆలయానికి మాత్రం కారు కావాల్సిందే. ఊళ్లోకి రైలు లేదు.

విలేజీలన్నీ ఒకేలా ఉండవు. రివర్ హిల్ ఖరీదు, ఆసియన్లు ఎక్కువ, బ్లాక్ కుటుంబాలు తక్కువ. వైల్డ్ లేక్, ఓక్‌లాండ్ మిల్స్, లాంగ్ రీచ్ బాగా కలిసి ఉంటాయి, ధరా తక్కువ. మనవాళ్లు స్కూల్ రేటింగ్ చూసి రివర్ హిల్, క్లార్క్స్‌విల్ వైపు పరిగెత్తుతారు. మీ కుటుంబానికి అది తలకిందులు లెక్క.

ఖర్చులు: కౌంటీ, రాష్ట్రం, ఫైర్ టాక్స్ కలిపి ఇంటి విలువలో సుమారు 1.4 శాతం. దీనికి తోడు కొలంబియా అసోసియేషన్ ఏటా వేసే చార్జి ఉంది. విలువలో సగం మీద నూటికి 68 సెంట్లు, అంటే 5 లక్షల ఇంటికి 1,700 డాలర్లు. టౌన్‌హౌస్ అయితే దాని హెచ్‌ఓఏ (ఇంటి ఓనర్ల సంఘం) ఫీజు వేరే. రాష్ట్ర ఆదాయపన్ను కాక, ఆదాయం మీద కౌంటీ పన్ను ఇంకో 3.2 శాతం. 6 లక్షల్లో టౌన్‌హౌస్ హాయిగా వస్తుంది, విడి ఇల్లయితే పాతది, చిన్నది.

చాలామంది తప్పేది ఒకటుంది. ఇంటి బయట డెక్, షెడ్, తలుపు రంగు ఏది మార్చినా విలేజ్ అనుమతి కావాలి. అమ్మే ముందు "లెటర్ ఆఫ్ కంప్లయన్స్" (అంతా నియమాల ప్రకారమే ఉందన్న పత్రం) తీసి ఇవ్వమని అమ్మేవాళ్లను కాంట్రాక్ట్‌లోనే అడగండి. లేదంటే పాత ఓనర్ అనుమతి లేకుండా కట్టిన షెడ్ పీకే పని మీ నెత్తిన పడుతుంది.

స్కూల్ విషయంలో కూడా జాగ్రత్త. హోవర్డ్ కౌంటీ 2019లో బౌండరీలు పెద్ద ఎత్తున మార్చింది, పేద పిల్లలు కొన్ని బడుల్లోనే పోగుపడకుండా చూడాలన్నది అందులో ఒక ఉద్దేశం. గొడవ మామూలుగా జరగలేదు. కాబట్టి లిస్టింగ్‌లో రాసిన స్కూల్ పేరు నమ్మకుండా, డిస్ట్రిక్ట్ సైట్‌లో అడ్రస్ కొట్టి చూడండి. 2019 నాటి బోర్డు మీటింగుల వీడియోలు వింటే ఏ పేటవాళ్లు ఏం మాట్లాడారో తెలుస్తుంది. ఊరి గురించి అంత నిజాయితీగా చెప్పే బ్రోషర్ ఇంకోటి లేదు!

జెర్సీ_అక్క

మేపుల్‌వుడ్‌కి ఆ బడ్జెట్ చాలదు తమ్ముడూ, ముందే చెప్పేస్తున్నా. 6 లక్షలకి వచ్చేది చిన్న ఇల్లు, పనులు బోలెడు. ఊరి సగటు ఆస్తిపన్ను ఏటా 20,000 డాలర్లకు అటూ ఇటూ. నెలకి 1,600 పైన పన్నుకే పోతుంది, అది తీసేస్తే బ్యాంకు మీకిచ్చే లోన్ ఎంత తగ్గుతుందో వేసుకోండి.

ఊరు మాత్రం మంచిదే. 1996లోనే పక్కనున్న సౌత్ ఆరెంజ్‌తో కలిసి జాతుల మేళవింపు చెదరకుండా చూసుకోడానికి కొయలిషన్ (ఉమ్మడి సంఘం) పెట్టుకున్నారు. 2021 నుంచి ఎలిమెంటరీ స్కూలుకి పిల్లల్ని పేటను బట్టి కాక, బడులన్నీ సమానంగా కలిసేలా కేటాయిస్తున్నారు. అంటే ఇంటి ఎదురుగా ఉన్న బడే వస్తుందని గ్యారంటీ లేదు. అయినా ఇదే డిస్ట్రిక్ట్ పైతరగతుల్లో అడ్వాన్స్‌డ్ కోర్సులు బ్లాక్ పిల్లలకి సరిగా అందడం లేదన్న విషయంలో 2014లో ఫెడరల్ పౌరహక్కుల ఆఫీసుతో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. గేటు దగ్గర రంగురంగులుగా కనిపించే బడి, లోపల క్లాసురూముల్లో విడిపోయి ఉండొచ్చు. అది చూడండి.

ఇల్లు 1920ల నాటిదైతే ఆయిల్ ట్యాంక్ స్వీప్ చేయించకుండా సంతకం పెట్టొద్దు. పాతరోజుల్లో వేడికి నూనె వాడి, ట్యాంకు పెరట్లో పూడ్చేవాళ్లు. వెతకడానికి కొన్ని వందల డాలర్లే. అది కారి మట్టి పాడైతే శుభ్రం చేయించే ఖర్చు పదుల వేలల్లో ఉంటుంది, మామూలు హోమ్ ఇన్సూరెన్స్ సాధారణంగా కట్టదు.

లెక్కల_మాస్టారు

అక్క చెప్పిన "లోపల విడిపోవడం" అంకెల్లో చూడొచ్చు. ఫెడరల్ విద్యాశాఖ సివిల్ రైట్స్ డేటా కలెక్షన్ అని ఒకటి నడుపుతుంది. ఏ పబ్లిక్ స్కూల్ పేరు కొట్టినా జాతి వారీగా ఎంతమంది చదువుతున్నారు, గిఫ్టెడ్‌లో (చురుకైన పిల్లల ప్రత్యేక క్లాసు) ఎంతమంది, ఏపీ (కాలేజీ స్థాయి) క్లాసుల్లో ఎంతమంది, సస్పెండ్ అయినవాళ్లు ఎంతమంది అన్నీ వస్తాయి.

చేయాల్సింది చిన్న భాగహారం. బడిలో బ్లాక్ పిల్లలు 30 శాతం, గిఫ్టెడ్‌లో 9 శాతం ఉంటే 9ని 30తో భాగించండి: 0.3. ఒకటికి దగ్గరైన కొద్దీ మేలు. సస్పెన్షన్లకీ ఇలాగే చేయండి, అక్కడ ఒకటి దాటిన కొద్దీ చేటు. ఎలిమెంటరీకే కాకుండా ఆ బడి పిల్లలు చేరే మిడిల్, హై స్కూళ్లకి కూడా చేయండి, తేడా అసలు బయటపడేది అక్కడే.

రెండు జాగ్రత్తలు. 2020–21 సంవత్సరం సస్పెన్షన్ అంకెలు వదిలేయండి, కోవిడ్ వల్ల చాలామంది పిల్లలు బడికే రాలేదు. రెండోది మీ పిల్లలకి సంబంధించింది. చేర్చేటప్పుడు ఫారంలో బ్లాక్, ఆసియన్ రెండూ టిక్ చేస్తే బడి రిపోర్టులో వాళ్లు బ్లాక్ వరుసలోనూ రారు, ఆసియన్ వరుసలోనూ రారు, "రెండు లేదా ఎక్కువ" అనే వరుసలోకి పోతారు. ఖాళీ వదిలేస్తే మాత్రం స్కూల్ సిబ్బంది పిల్లని చూసి వాళ్లకి తోచింది నింపుకోడానికి నిబంధనల్లో వీలుంది. కాబట్టి ఖాళీ వదలకండి.

పది మార్కుల స్కూల్ రేటింగులు ఎక్కువగా కొలిచేది తల్లిదండ్రుల ఆదాయాన్ని. వాటిని చివర్లో చూడండి.

క్లీవ్‌లాండ్_త్యాగయ్య

షేకర్ హైట్స్ వైపు ఒక్క ఓటు కూడా పడలేదేంటి? 1957లోనే లడ్లో అనే పేటలో బ్లాక్, వైట్ ఇరుగుపొరుగు కలిసి సంఘం పెట్టుకుని, "వీళ్లొచ్చారు, అమ్ముకుని పారిపొండి" అని భయపెట్టే బ్రోకర్లను అడ్డుకున్నారు. 1970లో కోర్టు ఆర్డర్ లేకుండానే పిల్లల్ని బస్సుల్లో వేరే పేటల బడులకి పంపి కలిపారు. 2020 నుంచి చాలా తరగతుల్లో లెవెల్స్ తీసేసి అందర్నీ ఒకే క్లాసులో కూర్చోబెడుతున్నారు. దాని మీద పేరెంట్స్‌లో ఇంకా రెండు అభిప్రాయాలున్నాయి.

మీ బడ్జెట్‌కి ఇక్కడ నాలుగు బెడ్‌రూముల ఇటుక ఇల్లు వస్తుంది, డబ్బు మిగులుతుంది. బ్లూ, గ్రీన్ లైన్ రైళ్లు డౌన్‌టౌన్‌కి పోతాయి. ఏటా ఈస్టర్ వేళకి త్యాగరాజ ఉత్సవాలు పక్కనే, 1978 నుంచి జరుగుతున్నవి. పార్మాలో శివవిష్ణు గుడి.

చిక్కులు కూడా చెప్తా. ఆస్తిపన్ను ఒహాయోలోనే ఎక్కువ ఉన్న చోట్లలో ఒకటి, దానికి తోడు సిటీ ఆదాయపన్ను 2.25 శాతం. మీరు ఇంటి నుంచి పని చేస్తారు కాబట్టి అది నేరుగా మీకు తగులుతుంది. ఇల్లు అమ్మే ముందు సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి లోపాల లిస్టు రాస్తాడు. అమ్మేవాళ్లు చేయకపోతే కొనేవాళ్లు ఒప్పుకుని, ఆ పనులకయ్యే సొమ్ము ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) పెట్టాల్సి రావచ్చు. చవగ్గా కనిపించిన ఇంటికి స్లేట్ కప్పు, పాత వైరింగ్ రిపేరు కలిస్తే ఇంకో ధర. ఆ లిస్టు ఆఫర్ పెట్టకముందే అడిగి చదవండి.

ఊరు ఎక్కువగా బ్లాక్, వైట్. మీ పిల్లలకి తెలుగు వైపు తక్కువ దొరుకుతుంది, దానికి మాత్రం మీరే పాటుపడాలి.

ఓక్‌పార్క్_వాసి

ఓక్ పార్క్ గురించి త్వరగా. 1968లో ఫెయిర్ హౌసింగ్ ఆర్డినెన్స్, 1972లో హౌసింగ్ సెంటర్. అద్దెకొచ్చేవాళ్లు ఒకే వైపు పోగుపడకుండా అన్ని పేటల్లోనూ ఇళ్లు చూపించడం దాని పని. అయినా తూర్పున ఆస్టిన్ బులవార్డ్ వైపు ఒకలా, పడమర వైపు ఇంకోలా ఉంటుంది. రెండు వైపులా నడిచి చూడండి. గ్రీన్, బ్లూ లైన్ రెండూ ఉన్నాయి, పెద్దవాళ్లు కారు లేకుండా బతకగల ఊరు మీ లిస్టులో ఇదే. లెమాంట్ గుడికి, అరోరా బాలాజీకి కారు తప్పదు.

పన్ను మేపుల్‌వుడ్ అంత కాకపోయినా వాత పెడుతుంది. కుక్ కౌంటీలో పన్ను ఏడాది వెనకబడి వసూలు చేస్తారు. అందుకని క్లోజింగ్‌లో (ఇల్లు మీ పేరు మీదకి మారే రోజు) అమ్మేవాళ్లు మీకు క్రెడిట్ ఇస్తారు. దాన్ని ఫర్నిచర్‌కి ఖర్చు పెట్టేస్తే తర్వాతి బిల్లు వచ్చినప్పుడు, పన్ను కోసం లెండర్ ఉంచే ఎస్క్రో ఖాతాలో బొక్క పడుతుంది. హోమ్‌ఓనర్ మినహాయింపుకి మీరే అప్లై చేయాలి. రాత్రి రెండున్నర నుంచి ఆరు దాకా వీధిలో కారు పెట్టనివ్వరు, అతిథులకి పాస్ తీసుకోవాలి. గ్యారేజీ లేని ఇల్లు కొంటే ఇదే పెద్ద తలనొప్పి.

నల్లగొండ_నర్సమ్మ

మీ ఆవిడ లైసెన్స్ సంగతి ఎవరూ అనలే. కెంటకీ మల్టీస్టేట్ లైసెన్స్ అయితే, నర్స్ కాంపాక్ట్‌లో (ఒకరి లైసెన్స్ ఒకరు ఒప్పుకునే రాష్ట్రాల ఒప్పందం) ఉన్న మేరీలాండ్, న్యూజెర్సీ, ఒహాయో, టెక్సాస్‌లో దిగిన రోజే పని చేసుకోవచ్చు. కానీ అక్కడ కాపురం మార్చిన 60 రోజుల లోపల కొత్త రాష్ట్రం లైసెన్స్‌కి అప్లికేషన్ పెట్టాలె. చాలామంది పాత లైసెన్స్ ఎక్స్‌పైరీ దాక నడుస్తది అనుకుంటరు, నడవది. ఇల్లినాయిస్ కాంపాక్ట్‌లో లేదు. వేలిముద్రలు, ఎండార్స్‌మెంట్ (పాత లైసెన్స్ చూసి కొత్తది ఇచ్చుడు) అంతా అయ్యేదాకా వారాల తరబడి ఆగాలె. ఓక్ పార్క్ అయితే మారడానికి మూడు నెలల ముందే మొదలువెట్టుకోండి.

ఇంకోటి, జుట్టు. పిల్లల జడలు, లాక్స్, ఆఫ్రో మీద బడులు అభ్యంతరం పెట్టకుండ క్రౌన్ యాక్ట్ అని ఉంది. న్యూజెర్సీ 2019, మేరీలాండ్ 2020, టెక్సాస్ 2023 సెప్టెంబర్. ఇల్లినాయిస్‌ల బడులకు 2022 నుంచి. ఒహాయోలో రాష్ట్రం మొత్తానికి లేదు, సిన్సినాటి, కొలంబస్ లాంటి సిటీలు సొంతంగ చేసుకున్నయి. టెక్సాస్‌ల చట్టం ఉన్నా 2024 ఫిబ్రవరిలో ఒక జడ్జి, మగపిల్లల జుట్టు పొడుగు మీద బడి పెట్టిన నియమం చట్టానికి విరుద్ధం కాదన్నడు. అందుకని బాబు కోసం డిస్ట్రిక్ట్ హ్యాండ్‌బుక్‌లో "లెంగ్త్" అన్న పదం వెతకండి.

కర్ల్స్ చేసే సలూన్, బార్బర్ 20 నిమిషాల లోపు ఉన్నరా చూడండి. శనివారం పొద్దున ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ ఎన్నిరోజులకు ఇస్తరో అడిగితే చాలు, ఆ ఊళ్లో బ్లాక్ కుటుంబాలు నిజంగ ఉన్నయా లేవా తెలిసిపోతది.

ఫ్రిస్కో_బాబాయ్

సరే, జుట్టు సంగతి నాకు తెలీదు. ఒప్పుకుంటున్నా. కానీ మీరందరూ గుడిని పక్కన పెట్టేశారు.

సిరి_మిడ్‌వెస్ట్

పక్కన పెట్టలేదు బాబాయ్ గారూ. గుడికి వారానికోసారి 30 నిమిషాలు డ్రైవ్ చేయొచ్చు. బడికి రోజూ పోవాలి, పక్కింటివాళ్లు రోజూ కనపడతారు. ఆమెకి చర్చి కూడా ఉండొచ్చు, దాన్నీ మ్యాప్‌లో పెట్టాలి కదా.

ఎస్క్రో_రాజు

రియల్ ఎస్టేట్ వైపు నాలుగు మాటలు.

ఏజెంట్‌ని "ఇక్కడ మిక్స్‌డ్ ఫ్యామిలీస్ ఉంటారా, సేఫేనా" అని అడగొద్దు, జవాబు చెప్పరు, చెప్పకూడదు. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద జాతిని బట్టి ఫలానా పేటల వైపు మళ్లించడం చట్టవిరుద్ధం. చెప్పినవాడైతే ఇంకా అనుమానించండి. మళ్లింపు ఇప్పటికీ ఉంది. లాంగ్ ఐలాండ్‌లో న్యూస్‌డే పత్రిక మూడేళ్లు రహస్యంగా పరీక్షించి 2019లో వేసిన లెక్కలో, బ్లాక్ టెస్టర్లకి 49 శాతం సార్లు, ఆసియన్లకి 19 శాతం సార్లు తేడాగా వ్యవహరించారని తేలింది. మీ ఇంట్లోనే ఆ రెండు అంకెలూ ఉన్నాయి కాబట్టి మీరే చిన్న పరీక్ష పెట్టొచ్చు. ఒకే బడ్జెట్, ఒకే అవసరాలు రాసి ఇద్దరూ వేర్వేరు ఈమెయిళ్ల నుంచి, ఒకే ఆఫీసుకి కాకుండా నాలుగైదు ఆఫీసులకి పంపండి. వచ్చిన లిస్టింగులను మ్యాప్ మీద పెట్టండి. ఆమెకి తూర్పు, మీకు పడమర వస్తే ఆ ఏజెంట్ వద్దు. మెయిళ్లు డిలీట్ చేయకండి. హడ్‌కి (ఫెడరల్ గృహశాఖకి) ఫిర్యాదు ఏడాది లోపు, ఫెడరల్ కోర్టుకైతే రెండేళ్ల లోపు.

2024 ఆగస్టు 17 నుంచి ఇల్లు చూపించకముందే ఏజెంట్‌తో రాతపూర్వక ఒప్పందం కావాలి. వేరే ఊరు నుంచి వచ్చి చూసుకునేవాళ్లు ఆర్నెల్ల ఒప్పందం మీద సంతకం పెట్టేసి ఇరుక్కుంటున్నారు. ఒక్క వారాంతానికి, లేదా ఫలానా ఇళ్లకి మాత్రమే అని రాయించుకోండి. కమిషన్ ఎంతో అందులోనే రాసి ఉండాలి.

అప్రైజల్ (లోన్ కోసం ఇంటి విలువ కట్టడం) రోజు ఇంట్లో ఎవరుండాలి అనేది చేదు ప్రశ్నే, కానీ అడగక తప్పదు. కాలిఫోర్నియా మరిన్ సిటీలో ఒక బ్లాక్ జంట ఇంటికి 9.95 లక్షలు కట్టిన విలువ, వైట్ స్నేహితురాలు ఓనర్‌లా నిలబడితే 14.8 లక్షలైంది. తక్కువ వచ్చిందనిపిస్తే లెండర్‌ని "రీకన్సిడరేషన్ ఆఫ్ వాల్యూ" (విలువ మళ్లీ చూడటం) అడగండి. ఊరికే అన్యాయం అని రాస్తే పక్కన పడేస్తారు. దగ్గర్లో ఈమధ్య అమ్ముడైన, సైజు, వయసు కలిసే ఇళ్లు ఐదు వరకు ఇచ్చి, అప్రైజర్ తీసుకున్నవి ఎందుకు కలవవో ఒక్కో వాక్యం రాయండి. బెడ్‌రూముల సంఖ్య, బేస్‌మెంట్ ఫినిషింగ్ లాంటి పొరపాట్లు రిపోర్టులోనే దొరుకుతాయి, ముందు వాటిని పట్టుకోండి.

పాత ఇంటి డీడ్‌లో "శ్వేతజాతీయులకు తప్ప అమ్మరాదు" అని కనిపిస్తే కంగారు పడకండి. 1948 షెల్లీ తీర్పు తర్వాత కోర్టులు దాన్ని అమలు చేయవు. మేరీలాండ్, ఇల్లినాయిస్, న్యూజెర్సీల్లో తీసేయించే దారి ఉంది.

హెచ్1_గుంటూరోడు

థ్రెడ్ హైజాక్ చేస్తున్నందుకు సారీ. మేమూ ఇలాంటి కుటుంబమే, కానీ నేనింకా హెచ్-1బీ. ఇంటి నుంచే పని కాబట్టి ఎక్కడికైనా మారొచ్చా?

ఎస్క్రో_రాజు

మారలేరు. ఇల్లే మీ వర్క్‌సైట్. 2015 సిమియో నిర్ణయం తర్వాత, ఇప్పుడున్న మెట్రో ఏరియా దాటి మారితే కంపెనీ కొత్త ఎల్‌సీఏతో (పనిచోటు, జీతం రాసి కార్మికశాఖకి ఇచ్చే పత్రం) అమెండ్‌మెంట్ ఫైల్ చేశాకే మీరు అక్కడి నుంచి పని మొదలెట్టాలి. అదే మెట్రో లోపల అయితే అమెండ్‌మెంట్ అక్కర్లేదు, ఎల్‌సీఏ పోస్టింగ్ చాలు. లీజు సంతకానికి ముందే హెచ్ఆర్‌తో మాట్లాడండి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లతో సహా పౌరులు కానివాళ్లందరూ ఏఆర్-11 (అడ్రస్ మార్పు ఫారం) పది రోజుల్లో కొట్టాలి. పెండింగ్ కేసు ఉంటే దాని రసీదు నంబర్ కూడా అక్కడే ఇవ్వండి, లేదంటే ఇంటర్వ్యూ నోటీసు పాత ఇంటికి పోతుంది.

ఖమ్మం_కెంటకీ

అందరికీ చాలా థ్యాంక్స్. మేపుల్‌వుడ్ తీసేసినం. కొలంబియా ముందు, షేకర్ తర్వాత. కొనే ముందు ఏడాది అద్దెకుందామా? ఊరికి వెళ్లి చూసేది ఎప్పుడు, ఏం చూడాలె?

పటాప్స్‌కో_గట్టు

అద్దె మంచిదే, కానీ ఏ హైస్కూల్ పరిధిలో కొనాలనుకుంటున్నారో ఆ పరిధిలోనే అద్దెకి దిగండి. లేకపోతే పాప రెండేళ్లలో మూడు బడులు మారుతుంది. స్కూల్లో చేర్చడానికి లీజు, కరెంటు బిల్లు లాంటి నివాస రుజువులు అడుగుతారు, అసలు లీజు కాపీ దాచుకోండి. బాబు సంగతి: మేరీలాండ్‌లో కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబర్ 1 నాటికి ఐదు నిండాలి. న్యూజెర్సీలో చాలా డిస్ట్రిక్టులకి అక్టోబర్ 1. సెప్టెంబర్ పుట్టినరోజైతే ఊరు మారడం వల్ల ఏడాది తేడా వస్తుంది.

చూడ్డానికి గురువారం దిగి ఆదివారం దాకా ఉండండి. ఓపెన్ హౌస్‌ల కోసం శనివారం మాత్రమే వచ్చేవాళ్లకి ఊరు కనపడదు. గురువారం బడి వదిలే వేళకి బయట నిలబడండి. పిల్లలు గేటు దాకా కలిసి వచ్చి, గేటు దాటాక ఎవరి గుంపులోకి వాళ్లు విడిపోతున్నారా, లేక పార్కు దాకా అలాగే పోతున్నారా చూడండి. తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు ఎవరితో మాట్లాడుతున్నారో కూడా. శుక్రవారం బడి ఆఫీసుకి ఫోన్ చేసి టూర్ అడగొచ్చు, అందులో గిఫ్టెడ్ క్లాస్ చూపించమనండి. శనివారం పొద్దున లైబ్రరీ, తర్వాత విలేజ్ సెంటర్. వేసవిలో వస్తే ఈతకొలను. ఊళ్లో ఇరవైకి పైగా అవుట్‌డోర్ పూల్స్ ఉన్నాయి. మీరు పక్కన లేకుండా మీ ఆవిడ ఒక్కతే పిల్లలతో లోపలికి వెళ్లాలి. తర్వాత మీరు ఒక్కరే. గేటు దగ్గర ఇద్దరికీ ఒకేలా పలకరింపు వచ్చిందా, ఎవర్నైనా "మెంబరేనా" అని రెండోసారి అడిగారా, సాయంత్రం పక్కపక్కన పెట్టి చూసుకోండి.

సిరి_మిడ్‌వెస్ట్

అమ్మానాన్న వచ్చినప్పుడు వాళ్లిద్దర్నే ఆ చోట్లన్నీ నడిచి చూడనివ్వండి కూడా. షేకర్‌లో అయితే ఫుట్‌పాత్ మంచు ఎవరు తీస్తారో అడగండి, జనవరిలో మీ నాన్నగారు జారిపడితే వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ ఎంత కడుతుందో తెలిసిందే కదా.

క్లీవ్‌లాండ్_త్యాగయ్య

నిజమే, జనవరిలో పెద్దవాళ్లని రప్పించకండి. ఏప్రిల్‌లో రండి, ఉత్సవాలూ చూసినట్టుంటుంది.

ఎస్క్రో_రాజు

కొలంబియాలో కొంటే క్లోజింగ్ అయిన వారంలోనే మేరీలాండ్ హోమ్‌స్టెడ్ అప్లికేషన్ ఆన్‌లైన్‌లో పెట్టేయండి. ఒక్కసారి పెడితే చాలు. పన్ను లెక్కకి తీసుకునే విలువ హోవర్డ్‌లో ఏడాదికి 5 శాతం మించి పెరగకుండా ఆగుతుంది. దానంతటదే రాదు, అడిగినవాళ్లకే.